నూరు కాళ్ళ వాద్యబృందం

1970లో లండన్‌లో ఏర్పడిన ‘సెంటిపీడ్’ వాద్యబృందం పేరుకు జెర్రి అని అర్థం. 50 మంది కళాకారులు ఒకే వేదిక ఎక్కితే నూరు కాళ్ళవుతాయన్న లెక్కతో ఆ పేరు పెట్టిన కీత్ టిప్పెట్ బ్రిస్టల్ నగరంలో పుట్టిన జాజ్ పియానో విద్వాంసుడు. ఆ ఏడాది ఆయనకు 23 ఏళ్ళు నిండాయి. ఆ వయసులో అంతమందిని కూడగట్టడమే సాహసమనుకుంటే, వారంతా ఒకే బాణీలో సంగీతం నేర్చినవారు కాకపోవడం అంతకు మించిన చిక్కు.

రాక్ వైపు నుంచి సాఫ్ట్ మెషీన్, కింగ్ క్రిమ్సన్ బృందాలవారూ, జాజ్‌నూ రాక్‌నూ కలిపి వాయిస్తున్న న్యూక్లియస్ నుంచి ట్రంపెట్ వాద్యకారుడు ఇయన్ కార్ వంటివారూ వచ్చారు. వర్ణవివక్ష పాలనలోని దక్షిణాఫ్రికాను విడిచి లండన్ చేరిన మొంగేజీ ఫేజా, డూడూ పుక్వానా తమ గడ్డ లయను వెంట తెచ్చారు. పాశ్చాత్య శాస్త్రీయ శిక్షణ పొందిన యువ వయొలిన్, చెల్లో కళాకారులు తంత్రీవాద్య విభాగంలో కూర్చున్నారు. అంతకు కొద్దికాలం ముందే పాప్ గాయనిగా బ్రిటన్‌లో పేరు తెచ్చుకున్న జూలీ డ్రిస్కాల్, టిప్పెట్‌ను పెళ్ళాడి, జూలీ టిప్పెట్స్‌గా గాత్రబృందంలో చేరింది. బాస్ వాయించేవారే ఆరుగురు, డ్రమ్స్ ముందు ముగ్గురు.

శాస్త్రీయ వాద్యకారుడికి ఆధారం స్వరలిపి. కాగితం మీద ఏ స్వరం ఎంతసేపు నిలవాలో రాసి ఉంటుంది, అందులో లేనిది వాయిస్తే తప్పవుతుంది. రాక్ వాద్యకారుడు రిఫ్ అనే చిన్న స్వరపంక్తిని పదేపదే తిప్పుతూ దాని బలం మీద పాటను నిలబెడతాడు. జాజ్‌లో కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల జట్లు, ఒక వరుసలో నడుస్తుంటే, ఆ వరుస మీద ఒక్కొక్కరు వంతులవారీగా అప్పటికప్పుడు కల్పన చేస్తారు. ఈ మూడింటికీ భిన్నమైనది సామూహిక కల్పన: ముందుగా కార్డుల వరుస గానీ వంతులు గానీ లేకుండా అందరూ ఒకేసారి కల్పించుకుంటూ పోవడం. 1960లో అమెరికన్ శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ ఎనిమిది మందితో చేసిన ‘ఫ్రీ జాజ్’ రికార్డు ఈ ధోరణికి పేరునే ఇచ్చింది.

కర్ణాటక సంగీతం వినే చెవికి కల్పన కొత్త కాదు, కానీ మన కచేరీలో మనోధర్మానికి ఒక క్రమం ఉంది. గాయకుడు రాగం ఆలపిస్తుంటే వయొలిన్ వెంటాడుతుంది, తని ఆవర్తనంలో మృదంగం ముగించాకే ఘటం అందుకుంటుంది. రాగమూ తాళమూ వేసిన ఆ గట్లు లేని చోట 50 మందికీ ఒకేసారి స్వేచ్ఛ ఇస్తే, చేతులకున్న పనికంటే చెవులకున్న పని ఎక్కువవుతుంది. శాక్సఫోన్లూ ట్రంపెట్లూ ఒక్కసారిగా లేచినప్పుడు పక్కనే ఉన్న చెల్లో ఎంత గట్టిగా వాయించినా వినిపించదు. అది వినిపించాలంటే ఆ ఊదేవారు తమంతట తామే ఊపిరి బిగబట్టాలి. స్వరకర్త రాసిన కాగితం ఇక్కడ స్వేచ్ఛకు అడ్డు కాదు, ఎవరు ఎప్పుడు ఆగాలో చెప్పి ఆ చెల్లోకు చోటు చేసే ఏర్పాటు.

టిప్పెట్ రచన ‘సెప్టోబర్ ఎనర్జీ’ ఈ పద్ధతిలోనే నడుస్తుంది. (సెప్టెంబరునూ అక్టోబరునూ అతికితే వచ్చిన మాట అది, ఏ పంచాంగంలోనూ కనిపించదు.) 1971లో కింగ్ క్రిమ్సన్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ నిర్మాతగా రికార్డయి, రెండు ఎల్‌పీల నాలుగు వైపులా నాలుగు భాగాలుగా వెలువడిన ఈ కృతిలో రాసిన ఘట్టాలూ రాయని ఘట్టాలూ మారిమారి వస్తాయి. ఇత్తడి వాద్యాలన్నీ ఒకే రిఫ్ మీద గుమిగూడినప్పుడు జాతర ఊరేగింపు ఎదురొచ్చినంత ఊపు పుడుతుంది. ఆ గుంపు విచ్చుకుని ఎవరిదారి వారు పట్టాక వచ్చే ఘట్టాలు కొన్నిచోట్ల సాగతీతగా తోస్తాయన్నది దాచనక్కరలేని మాట. అయితే ఆ సాగతీతను కత్తిరించి ఉంటే, చెదిరిన ధ్వనులు మళ్ళీ ఒక్క రాగపంక్తి మీదికి చేరే క్షణానికి ఆ బరువు వచ్చేది కాదు.

ఇంతమందిని వెంటబెట్టుకుని ఊళ్ళు తిరగడం సామాన్యమైన ఖర్చు కాదు. సెంటిపీడ్ కచేరీలు కొద్దిగానే జరిగాయి. 1978లో టిప్పెట్ ‘ఆర్క్’ పేరుతో మళ్ళీ పెద్ద బృందం కట్టినప్పుడు సంఖ్య 22కు దిగింది. 1980ల చివర ఆయన మరి ముగ్గురితో కలిసి ప్రారంభించిన ‘మ్యుజీషియన్’ బృందానికైతే వేదిక మీద కాగితమే లేదు, నలుగురే గనుక ఎవరు ఆగారో ఎవరు అందుకున్నారో ఒకరికొకరు వినిపించేవారు.