వజ్రానికి లోహం అతుకుతుందా?

వజ్రం అనగానే మనకు గోల్కొండ, కృష్ణా తీరంలోని కొల్లూరు గనులు గుర్తుకొస్తాయి. కానీ ఈరోజు ఆనందపురంలో ఇల్లు కట్టుకునేవారు కూడా వజ్రంతో పని చేయించుకుంటున్నారు. గ్రానైట్ పలకను కోసే చక్రం అంచున ఉండేవి వజ్రపు రవ్వలే.

ఆ పని చేసే నా పాత విద్యార్థి ఒకడు వాడేసిన చక్రం తెచ్చి, "మాస్టారూ, రవ్వలు అరగలేదు, ఊడిపోయాయి. ఎందుకంటారు?" అని అడిగాడు. కొత్త చక్రం కొనాలంటే పోయేది అతని కూలి డబ్బే.

వజ్రమంతా కర్బనమే. లోపలి ప్రతి పరమాణువూ నాలుగు పక్కలున్న నాలుగింటిని గట్టిగా పట్టుకుని ఉంటుంది. పైతలంలో ఖాళీగా మిగిలిన చేతులను చాలాసార్లు హైడ్రోజనో ఆక్సిజనో పట్టేసుకుంటుంది. ఇక లోహానికి పట్టు దొరకదు. శూన్యంలో బంగారాన్నో రాగినో ఆవిరిచేసి వజ్రంపై పూతగా వేస్తే, ఆ పరమాణువులు వజ్రాన్ని వదిలి తమలో తామే పోగవుతాయి. తామరాకు మీద నీటిబొట్లలా చిన్న చిన్న దీవులవుతాయి. అవి పెరిగి కలిస్తేనే పొర. ఆ పొర కూడా సులువుగా లేచిపోతుంది.

టైటానియం, క్రోమియం అలా కాదు. వేడిచేస్తే అవి వజ్రంలోని కర్బనంతో కలిసి కార్బైడ్ అనే పలుచని పొరగా మారతాయి. అది ఒక చేత్తో వజ్రాన్ని, మరో చేత్తో లోహాన్ని పట్టుకుంటుంది. అందుకే కొన్ని మేలురకం పనిముట్లలో రవ్వలకు ముందే టైటానియం పూత వేస్తారు.

ఇనుము కథ వేరు. వేడిమీద అది కర్బనాన్ని తనలో కరిగించుకుంటుంది. అందుకే మన ఉక్కు నగరంలో ఉక్కును లేత్ మీద చెక్కడానికి వజ్రపు పనిముట్టు సాధారణంగా పనికిరాదు. ఉక్కుకంటే ఎంతో గట్టిదైన వజ్రమే త్వరగా అరిగిపోతుంది. అదే గుణం మరోచోట మేలు చేసింది. కరిగిన ఇనుము, నికెల్ వంటి లోహాల్లో కర్బనాన్ని కరిగించి, విపరీతమైన ఒత్తిడిలో కృత్రిమ వజ్రాలు పెంచుతారు. 1955లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఈ విజయాన్ని ప్రకటించింది. నేటి కోత చక్రాల్లో ఎక్కువగా వాడేది కృత్రిమ వజ్రాల రవ్వలనే.

"మామూలు రవ్వను చుట్టూ ఉన్న లోహం బిగించి పట్టుకుంటుందే గాని, దానితో అతకదు. వేడెక్కితే ఆ పట్టూ సడలుతుంది. కొనేటప్పుడు పూత వేసిన రవ్వలా అని అడుగు. నీటితో కోసే చక్రమైతే నీరు ఆపకు, వేడీ తగ్గుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే దుమ్మూ తగ్గుతుంది" అని చెప్పాను.

అంతా విని, "ఇది పదో తరగతిలో మీరు చెప్పిన కర్బనమేనా మాస్టారూ?" అన్నాడు.

అదేనన్నాను. ఆ పాఠం అతనికి అవసరపడింది బడి మానేశాకే.