సూర్యరశ్మితో ఇంటి దీపములు

కరెంటు తీగను తెంపివేసి, సూర్యుని వెలుతురుతోనే ఇంటిని నడుపుకొనవచ్చునా యని పలువురు నన్నడుగుచున్నారు. నడుపుకొనవచ్చును. అయితే లెక్క ముందు, పలకలు తరువాత.

1920లో హుస్సేన్ సాగరపు ఒడ్డున విద్యుత్కేంద్రము వెలసినది మొదలు హైదరాబాదు వాసి మీట నొక్కుటయే యెరుగును. ఆ శక్తి యెక్కడ పుట్టునో అతనికి అక్కరలేదు. తీగ తెంపినవాడు మాత్రము దానిని పుట్టించు భారమును, నిలువచేయు భారమును తన మిద్దెమీదికి తెచ్చుకొనును.

పాతబస్తీలో షాలిబండ వైపు ఒక చిన్న యిల్లు కలదనుకొందము. మూడు పంకాలు, ఆరు ఎల్.ఇ.డి. దీపములు, ఒక ఫ్రిజ్: దినమునకు సుమారు 4 యూనిట్లు. ఒక కిలోవాటు పలకలు మంచి యెండలో దినమునకు ఇంచుమించు అంతే యిచ్చును. ఇక సరిపోయినదని తలపరాదు. బ్యాటరీలోను, ఇన్వర్టరులోను కొంత శక్తి వ్యర్థమగును. ఆషాఢ శ్రావణములలో మబ్బు పట్టినచో రాబడి సగమునకును దిగును. కావున 2 కిలోవాట్లు వలయును. వానిని దక్షిణమునకు వాల్చి నిలుపుటకు నీడపడని 200 చదరపుటడుగులు వలయును. ఆ యిరుకు గల్లీలలో నీడ లేని చోటే అరుదు. ప్రక్కవారి మేడ, మన నీళ్లతొట్టి, రెండును శత్రువులే. వరుసగ కలిపిన పలకలలో ఒకదానిపై నీడ పడినను వరుస యంతటి రాబడి తగ్గవచ్చును. పావురముల సంగతి వేరే చెప్పవలెనా! మీ పల్లెలలో చెట్టునీడ చూచుకొన్న చాలును.

అసలు ఖర్చు బ్యాటరీలలో నున్నది. రెండు దినములు మబ్బు కమ్మినను ఇల్లు నడువవలెనన్న 8 యూనిట్లు నిలువ యుండవలయును. సీసపు బ్యాటరీని తరచుగా సగమునకు మించి ఖాళీచేసినచో ఆయువు తరుగును. కావున 16 యూనిట్లు పట్టునంత కొనవలెను. 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల బ్యాటరీ పట్టునది 1.8 యూనిట్లే. అనగా తొమ్మిది బ్యాటరీలు! కొన్ని సంవత్సరములకు మరల తొమ్మిది. లిథియపు రకమైనచో 10 యూనిట్లది చాలును, దీర్ఘకాలము మన్నును. వెల మాత్రము హెచ్చు.

ఇక సర్కారు సాయము. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము 2 కిలోవాట్లకు 60,000 రూపాయలిచ్చును. అది తీగతో కలిసియున్న మిద్దెలకే. తెలంగాణమున 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి క్రింద, అర్హతగల కుటుంబము నెలకు 200 యూనిట్లలోపు వాడిన బిల్లు లేదు. మనము చెప్పుకొన్న యిల్లు వాడునది 120. అట్టి యింటివాడు తీగ తెంపుట, ఊరి చెరువు నిండియుండగా నీరు కొనుట వంటిది.

మరియొక సంగతి. తీగతో కలిసి, బ్యాటరీ లేని పలకలు కరెంటు పోగానే తామును ఆగిపోవును. మంచి యెండలో పంకా ఆగినదేమని అమ్మినవానితో కలహింపకుడు. స్తంభమెక్కిన లైనుమానునకు మీ మిద్దె కరెంటు తగిలి ప్రాణము పోకుండుటకై చేసిన యేర్పాటది.

నేనైతే తీగను ఉంచుదును. రాత్రి దీపములకు, రెండు పంకాలకు సరిపడు బ్యాటరీ నొకటి చేర్చుదును. తీగ చేరని చేని కొట్టమునకు మాత్రము సందేహింపక ఒక పలకయు, ఒక బ్యాటరీయు పెట్టుకొనుడు. రెండు స్తంభములు వేయించు ఖర్చునకు ముందు దాని వెల విచారించి చూడుడు.