పాత బెంజి: కొన్న ధర వేరు, నిలుపుకునే ధర వేరు

అమెరికాలో మన తెలుగువాళ్ల కార్ల చరిత్ర దాదాపు ఒకేలా ఉంటుంది. చదువుకునే రోజుల్లో నాలుగు చేతులు మారిన కరోలా, ఉద్యోగం వచ్చాక కొత్త క్యామ్రీ, పిల్లలు పుట్టాక ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా సరిపోయేలా ఒక ఒడిస్సీయో సియెన్నానో. ఈ వరసలో టాప్ తెరుచుకునే రెండు సీట్ల కారుకు చోటు లేదు. "ఎండలో నల్లబడటానికి డబ్బులిచ్చి మరీ కొనుక్కోవాలా?" అని మా అత్తగారు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

అయినా నాలుగేళ్ల క్రితం 1999 మోడల్ మెర్సిడెస్ బెంజ్ ఎస్‌ఎల్ 500 కొన్నాను. 78,000 మైళ్లు తిరిగిన బండి, 11,500 డాలర్లు. కొత్తలో దాని ధర 80,000 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. షికాగోలో ఏ తెలుగు వాళ్లింటికి భోజనానికి వెళ్లినా "ఎంతకు కొన్నారు?" అని అడుగుతారు. ధర చెప్పగానే "అంతేనా! అయితే మేమూ ఒకటి చూస్తాం" అంటారు. ఏడాదికి ఎంతవుతుందో మాత్రం ఎవరూ అడగరు. అసలు అడగాల్సింది అదే కాబట్టి ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను.

ధర పడిపోతుంది, విడిభాగాల ధర పడిపోదు

ఖరీదైన కారు పాతబడితే దాని అమ్మకపు విలువ వేగంగా కరిగిపోతుంది. దానికి కావలసిన భాగాలు మాత్రం 80,000 డాలర్ల కారు భాగాలుగానే ఉంటాయి. నా కారులో 5 లీటర్ల వి-8 ఇంజను ఉంది. ఒక్కో సిలిండరుకు రెండు చొప్పున మొత్తం 16 స్పార్క్ ప్లగ్గులు. క్యామ్రీకి నాలుగు మార్చే చోట దీనికి పదహారు మార్చాలి. ఇంజను ఆయిలు దాదాపు ఎనిమిది లీటర్లు పడుతుంది. కారు పాతదని ప్లగ్గులు తగ్గవు, ఆయిలూ తగ్గదు.

ఈ తరం ఎస్‌ఎల్‌ను మెర్సిడెస్ వాళ్లు ఆర్ 129 అంటారు. 1989లో జెనీవా మోటార్ షోలో విడుదలైంది. అప్పట్లో ఆ కంపెనీ డిజైన్ విభాగానికి అధిపతి బ్రూనో సాకో. కారు బోల్తా పడబోతోందని సెన్సరు పసిగడితే సీట్ల వెనక దాగి ఉన్న రక్షణ కడ్డీ 0.3 సెకన్లలో పైకి లేచి నిలబడుతుంది. బటన్ నొక్కి పట్టుకుంటే గుడ్డ టాప్ దానంతటదే మడుచుకుని వెనక్కి వెళ్లిపోతుంది. చలికాలానికి వేరే అల్యూమినియం హార్డ్‌టాప్ ఉంది. ఇన్ని సౌకర్యాలు ఉన్నాయంటే పాడవడానికీ అన్ని వస్తువులు ఉన్నాయన్నమాట.

కొనే ముందు చూడాల్సినవి

ఏ సంవత్సరం కారు అన్నది ముఖ్యం. 1990ల మొదటి సగంలో వచ్చిన చాలా మెర్సిడెస్ కార్లలో ఇంజను వైర్ల మీది తొడుగు కాలక్రమంలో పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే నేను ఆ తర్వాతి కార్లే వెతికాను. రెండోది తుప్పు. షికాగోలో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇక్కడ పదిహేను చలికాలాలు తిరిగిన కారుకు పైన రంగు మెరుస్తున్నా కింద బ్రేకు పైపులు తినేసి ఉండొచ్చు. నేను టెన్నెసీ వెళ్లి తెచ్చుకున్నాను.

కారును లిఫ్టు మీద ఎత్తించి, ఆ కంపెనీ బళ్లు తెలిసిన మెకానిక్‌తో చూపించకుండా కొనొద్దు. దానికి రెండు మూడు వందల డాలర్లు పోయినా పరవాలేదు. టాప్‌ను కనీసం రెండు మూడుసార్లు తెరిచి మూసి చూడండి. ముందు అద్దానికి పైన, సన్ వైజర్ల దగ్గర నూనె మరకలున్నాయేమో వేలితో తడిమి చూడండి. టైర్ల పక్కన ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చదవండి. 2316 అని ఉంటే ఆ టైరు 2016లో 23వ వారంలో తయారైంది. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఆ రబ్బరును నమ్మకూడదు. హార్డ్‌టాప్ కూడా ఇస్తున్నారో లేదో ముందే అడగండి. విడిగా కొనాలంటే దొరకడం కష్టం, దొరికినా ఇంటికి చేర్చుకోవడం ఇంకా కష్టం.

మా ఇంటి నిబంధన

మా ఆవిడ లెక్కల మనిషి. కారు ఇంటికొచ్చిన రోజే రెండు షరతులు పెట్టింది. ఇంటికి ఇదొక్కటే కారు కాకూడదు, సియెన్నా ఉండాలి. ఒక్క రిపేరు ఖర్చు కారు విలువలో సగం దాటితే మారుమాట లేకుండా అమ్మేయాలి. పెద్దమ్మాయి కాలేజీ ఫీజులు దగ్గర పడుతున్నాయి కాబట్టి నేనూ ఒప్పుకున్నాను.

రెండో ఏడాది జూన్‌లో ఆ షరతుకు పరీక్ష వచ్చింది. టాప్ సగం లేచి ఆగిపోయింది. నుదుటి మీద చుక్క చుక్కగా నూనె పడింది. ఈ టాప్‌ను నడిపించేది హైడ్రాలిక్ వ్యవస్థ. పంపు నుంచి ఒత్తిడితో ఆయిలు సన్నని గొట్టాల గుండా చిన్న చిన్న సిలిండర్లకు వెళ్లి, ఒకటి మూత తెరుస్తుంది, ఒకటి టాప్ లేపుతుంది, ఒకటి ముందు అద్దం దగ్గర గొళ్లెం వేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ సిలిండర్ల లోపలి సీళ్లు గట్టిపడి, పెళుసై విరిగిపోతాయి. అప్పుడు ఆయిలు బయటికి వస్తుంది. ముందు అద్దం దగ్గరి సిలిండరు కారితే అది నేరుగా నడిపేవాళ్ల మీదే పడుతుంది.

డీలరు దగ్గర అంచనా వేయిస్తే సిలిండర్లన్నీ కొత్తవి వేయడానికి, కూలితో కలిపి 6,800 డాలర్లన్నారు. అప్పటికి కారు విలువ మహా అయితే 12,000. టాప్ పనిచేయని కారును ఉన్నదున్నట్టు అమ్మితే ఆరు వేలు రావడమే ఎక్కువ. షరతు ప్రకారం అమ్మేయాలి. మా ఆవిడ ఏమీ అనలేదు, కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఊరుకుంది. అమ్మకం ప్రకటనకు నేను ఫొటోలు కూడా తీసుకున్నాను.

ఆ వేసవిలో నాన్న మా దగ్గరే ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా లారీల రిపేరు షెడ్డు నడిపిన మనిషి. ఇక్కడ చేయడానికి పని లేక, ఉదయం ఒకసారి సాయంత్రం ఒకసారి నడిచి వచ్చి టీవీ ముందు కూర్చునేవారు. కాగితం చదివించుకుని, "ఏరా, జాకీలో సీలు పోతే జాకీ మారుస్తారా, సీలు మారుస్తారా?" అన్నారు.

వెతికితే తెలిసింది. ఈ పాత సిలిండర్లను విప్పి, మెరుగైన పదార్థంతో చేసిన కొత్త సీళ్లు వేసి తిరిగి పంపే వర్క్‌షాపులు ఉన్నాయి. మేం ఒరెగాన్‌లో ఉన్న ఒకదానికి రాశాం. మరి విప్పేదెవరు? "నేనున్నానుగా అమ్మాయ్" అని నాన్న మా ఆవిడతో చెప్పారు. ఆవిడ, "మావయ్యగారూ, రెండు నెలలు టైమిస్తున్నాను" అంది.

మూడు వారాంతాలు పట్టింది. లోపలి తొడుగులు ఊడదీసి, ప్రతి గొట్టానికీ టేపు చుట్టి అంకె వేసి, ఊడదీసే ముందు ఫొటో తీసి, పక్కన పుస్తకంలో బొమ్మ గీసి సిలిండర్లన్నీ బయటికి తీశాం. డెబ్బై ఒక్కేళ్ల మనిషి డిక్కీలో తల దూర్చి, నేను ఇచ్చిన జర్మన్ స్పానర్లను పక్కన పెట్టి, తెలిసిన సైజును వేలితోనే చెప్పేవారు. మా అబ్బాయి టార్చిలైటు పట్టుకున్నాడు. నాన్న తెలుగులో తిడుతుంటే వాడికి సగం అర్థమయ్యేది కాదు, అయినా వారంలోపు "బిగించేటప్పుడు ముందు చేత్తో తిప్పాలి, తర్వాతే స్పానరు" అని వాడే నాకు చెప్పడం మొదలుపెట్టాడు.

సిలిండర్లు తిరిగొచ్చాక బిగించి, కంపెనీ చెప్పిన హైడ్రాలిక్ ఆయిలే పోసి, గాలి బుడగలు పోయేదాకా టాప్‌ను పలుమార్లు తెరిచి మూశాం. సీళ్లు, ఆయిలు, పోస్టేజీ అన్నీ కలిపి 1,400 డాలర్లు. ఫ్రిజ్ మీది కాగితం మా ఆవిడే తీసేసింది. ఆ ఆదివారం నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంటే లేక్ షోర్ డ్రైవ్ మీద ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పాను. ఎలా ఉందని అడిగితే, "ఎడమవైపు ముందు చక్రం దగ్గర ఏదో చప్పుడుంది, చూపించు" అన్నారు. చూపిస్తే నిజంగానే ఒక బుష్ పోయింది.

షికాగోతో వేగడం

మంచు పడ్డ రోజు తాము తవ్వి శుభ్రం చేసుకున్న జాగాలో జనం పాత కుర్చీ పెట్టి వెళ్తారు. మనం ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టే. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 వరకు కొన్ని పెద్ద రోడ్ల మీద తెల్లవారుజామున 3 నుంచి 7 దాకా, మంచు ఉన్నా లేకపోయినా, పార్కింగ్ నిషేధం. మిగతా నెలల్లో వీధులు ఊడ్చే రోజులు చూసుకోవాలి. ఇలాంటి చోట గుడ్డ టాప్ కారును వీధిలో ఉంచడం కుదరదు. ఇంటి వెనక సందులో గరాజ్ ఉంది కాబట్టే నేను సాహసించాను. గరాజ్ లేకపోతే దాని అద్దె కూడా కారు ధరలో కలుపుకోండి.

అక్టోబరు ఆఖరున హార్డ్‌టాప్ ఎక్కిస్తాం. ఇద్దరు మనుషులు లేనిదే అది లేవదు. వేసవిలో గరాజ్ కప్పుకు కప్పీలతో వేలాడదీస్తాను. దాని కింద మడిచిపెట్టే గుడ్డ టాప్ పూర్తిగా ఆరి ఉండాలి, తడి ఉంటే బూజు పడుతుంది. చలిలో దాన్ని మడవకూడదు, బిగుసుకుపోయిన ప్లాస్టిక్ కిటికీలు పగులుతాయి. తర్వాత ట్యాంకు నిండా పెట్రోలు, అందులో స్టెబిలైజరు, టైర్లలో కాస్త ఎక్కువ గాలి, బ్యాటరీకి మెయింటెయినరు. ఎలుకలు దూరకుండా గొట్టాలకు మూత.

ఆ మెయింటెయినరు విషయంలో ఒక మాట. షికాగో ప్రాంతంలో 1996, ఆ తర్వాతి కార్లకు రెండేళ్లకోసారి పొగ పరీక్ష ఉంటుంది. కారు కంప్యూటరుకు వైరు తగిలించి చూస్తారు. చలికాలం బ్యాటరీ ఊడదీసి ఉంచితే కంప్యూటరు తన సొంత తనిఖీల ఫలితాలన్నీ మరిచిపోతుంది. కారు బాగానే ఉన్నా పరీక్షకు సిద్ధంగా లేదని వెనక్కి పంపుతారు. కొన్ని రోజులు హైవే మీదా ఊళ్లోనూ తిప్పాక వెళ్లాలి.

మెకానిక్ దొరికితే సగం పని అయినట్టే

అన్నీ ఇంట్లో చేయలేం. నగరం వాయవ్య దిక్కున పోలండ్ నుంచి వచ్చి స్థిరపడిన ఒకాయన పాత జర్మన్ కార్లే చూస్తారు. ఆయన గంట కూలి డీలరు కూలిలో దాదాపు సగం. అంతకంటే ముఖ్యం, ఏది ఇప్పుడే చేయాలో, ఏది వచ్చే ఏడాదిదాకా ఆగుతుందో విడదీసి చెబుతారు. గేర్‌బాక్సుకు వైర్లు వెళ్లే చోట ఒక చిన్న ప్లాస్టిక్ ప్లగ్గు, దానికి రబ్బరు రింగులు ఉంటాయి. అవి కారితే ఆయిలు వైర్ల వెంట పాకి కంప్యూటరుదాకా వెళ్తుంది. పది, పదిహేను డాలర్ల ఆ ప్లగ్గు ముందే మార్చేస్తే వందల డాలర్ల కంప్యూటరు బతుకుతుంది. విడిభాగాలు కూడా నక్షత్రం ముద్ర ఉన్న పెట్టెలోనే కొనక్కర్లేదు. అసలు తయారుచేసిన బాష్, మాన్ లాంటి కంపెనీల పెట్టెల్లో చాలా భాగాలు తక్కువకు దొరుకుతాయి.

నాలుగేళ్ల లెక్క

మొదటి ఏడాది 3,900 డాలర్లు: టైర్లు, ప్లగ్గులు, ఇంజను మౌంట్లు, అన్ని రకాల ఆయిళ్లూ. రెండో ఏడాది టాప్‌తో కలిపి 2,650. మూడో ఏడాది 1,150. నాలుగో ఏడాది గుంతల పుణ్యమా అని ముందు వైపు సస్పెన్షన్‌కు 1,700. మొత్తం 9,400. ఇన్సూరెన్సు, పెట్రోలు కాకుండా నెలకు దాదాపు 196 డాలర్లు. కొత్త లగ్జరీ కారు వాయిదాతో పోలిస్తే ఇది తక్కువే. అయితే వాయిదా ఏ తేదీన కట్టాలో ముందే తెలుస్తుంది, రిపేరు ఏ రోజు వస్తుందో తెలియదు. అందుకని నెలకు 200 డాలర్లు వేరే ఖాతాలో వేస్తున్నాం. ఆ 200 పక్కన పెట్టలేని ఇంట్లో ఈ కారు గొడవలకే పనికొస్తుంది.

నాన్న ఇప్పుడు విజయవాడలో ఉన్నారు. వాట్సాప్‌లో నా ఆరోగ్యం అడిగే ముందు "టాప్ కారుతోందా?" అని అడుగుతారు. కారట్లేదు. సిలిండర్ల అంకెలు, బొమ్మలు ఉన్న ఆ పుస్తకం మా అబ్బాయి దగ్గరుంది. ఈసారి గేర్‌బాక్సు ఆయిలు మార్పు వాడే రాసుకున్నాడు. మార్చి ఆఖరులో రోడ్ల మీది ఉప్పు కొట్టుకుపోయేలా రెండు మంచి వానలు పడ్డాక కారు బయటికి తీస్తాం.