స్వారీ శిబిరము: గుర్రమునకు ఎండ, నీరు, మేత

చొప్పదండి ప్రాంతపు విద్యార్థులు గుర్రమును చూచేది ఎక్కువగా పెండ్లి బరాతులోనే. స్వారీని పద్ధతిగా నేర్చుకొనదలచినవారు హైదరాబాదు దాకా పోవలసినదే. 1948లో ఏర్పడిన నేషనల్ క్యాడెట్ కోరులో రిమౌంట్ అండ్ వెటర్నరీ అనే శాఖ ఉన్నది. అందులోని క్యాడెట్లు స్వారీతో పాటు గుర్రముల పోషణ కూడా నేర్చుకుంటారు. 1975లో మౌంట్ ఆబూ నుండి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోలీసు అకాడమీలోను ఐ.పి.ఎస్. శిక్షణలో స్వారీ ఒక భాగము.

వేసవిలో ఇటువంటి శిక్షణ జరిగేచోట దినచర్యను నిర్ణయించేది ఉపాధ్యాయుడు కాదు, గుర్రము శరీరము. తెల్లవారక ముందే ఎందుకు లేవాలి? ఎండ ముదరక ముందే జీను ఎందుకు దించాలి? వీటికి సమాధానములు మీ భౌతికశాస్త్ర పుస్తకములోనే సగము ఉన్నవి.

లేవగానే చేసే పని స్వారీ కాదు. రాత్రి వేసిన గడ్డి తిన్నదా, పేడ వేసినదా, తొట్టిలో నీరు తగ్గినదా అని చూస్తారు. తరువాత దవడ కింది రక్తనాళముపై వేలు పెట్టి నాడి లెక్కిస్తారు. విశ్రాంతిగా ఉన్న గుర్రము గుండె నిమిషమునకు 28 నుండి 44 సార్లు కొట్టుకుంటుంది, శ్వాస 8 నుండి 16 సార్లు, ఉష్ణోగ్రత 37.5 నుండి 38.5 డిగ్రీల సెల్సియస్. పిమ్మట డెక్కలలో ఇరుక్కున్న రాళ్లు, మట్టి తీసి, ఒళ్లంతా మాలీసు చేసి, జీను వేసి తంగు బిగిస్తారు. చెమట, దుమ్ము పేరుకొన్న చోట జీను పడితే అక్కడ పుండు తప్పదు.

ఇక స్వారీ. కండరము ఖర్చుచేసే శక్తిలో పనిగా మారేది నాలుగవ వంతుకు మించదు. తక్కినదంతా వేడి. ఆ వేడి చర్మము ద్వారా బయటికి పోవాలి. 500 కిలోల గుర్రము చర్మ వైశాల్యము సుమారు 5 చదరపు మీటర్లు. అనగా ఒక్కొక్క చదరపు మీటరు 100 కిలోల శరీరమును చల్లార్చవలెను. 45 కిలోల విద్యార్థికి చర్మము దాదాపు 1.4 చదరపు మీటర్లుంటుంది. అతనికి చదరపు మీటరుకు 32 కిలోలే. వేడి వదిలించుకొనుటలో గుర్రము మనకంటె మూడు రెట్లు ఇబ్బందిలో ఉన్నదన్నమాట. మే నెలలో కరీంనగరము వైపు గాలి 44 డిగ్రీలకు చేరినపుడు చర్మము కంటె గాలియే వేడిగా ఉంటుంది. అప్పుడు వేడిని బయటికి పంపే ముఖ్యమైన దారి చెమట ఆవిరి కావడము. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది.

గుర్రము చెమటలో లాథరిన్ అనే మాంసకృత్తు ఉన్నది. అది సబ్బువలె పనిచేసి, నూనెపట్టిన వెండ్రుకల మీద కూడా చెమట పలుచగా పరచుకొనేట్లు చేస్తుంది. మెడమీద, తొడల నడుమ కనిపించే తెల్లని నురుగు దీనివల్లనే. కష్టపడి పరుగెత్తే గుర్రము గంటకు పది లీటర్లకు పైగా చెమటోడ్చగలదు.

మన చెమట రక్తము కంటె పలుచన. నీరు ఎక్కువ పోయి ఉప్పు తక్కువ పోవుటచే రక్తము చిక్కబడి దాహమవుతుంది. గుర్రము చెమటలో ఉప్పు రక్తములో ఉన్నంత, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ, ఉంటుంది. నీరు, ఉప్పు కలిసే పోతవి కనుక రక్తము చిక్కబడినట్లు మెదడుకు తెలియదు. ఒంట్లో నీరు తగ్గిపోయినా గుర్రము బకెట్టు ముందు ఊరకే నిలబడుతుంది! “దానికి దాహము లేదు” అని సాయీసు బకెట్టు తీసుకుపోతే ప్రమాదమే. అందుచేత దాణాలో రోజూ రెండు మూడు చెంచాల ఉప్పు కలుపుతారు, నాకుటకు ఉప్పుగడ్డ కడతారు. విశ్రాంతిలోనే 25, 30 లీటర్లు తాగే జంతువు వేసవి పనిలో దానికి రెట్టింపు తాగవచ్చు.

కొన్ని గుర్రములకు ఉష్ణదేశములలో చెమట పట్టుటయే ఆగిపోతుంది. బ్రిటిషువారు చలిదేశము నుండి తెచ్చిన గుర్రములలో దీనిని మొదట గుర్తించారు. ఎండలో పొడిగా ఉండి రొప్పుతున్న గుర్రమును చూచి సంతోషించరాదు.

స్వారీ ముగియగానే జీను దించి, నీడలో నిలిపి, ఒళ్లంతా చల్లని నీరు ఆగకుండా పోయవలెను. వేడెక్కిన గుర్రముపై చన్నీళ్లు పోస్తే కండరములు పట్టేస్తాయని పూర్వము గట్టి నమ్మకముండేది. 1996 అట్లాంటా ఒలింపిక్సుకు ముందు జరిగిన ప్రయోగములలో ఆ భయము నిరాధారమని తేలింది. పది పదిహేను నిమిషములలో నాడి 60 లోపునకు దిగాలి. దిగకపోయినా, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి తగ్గకపోయినా నీరు పోస్తూనే పశువైద్యునికి కబురు పంపవలెను.

మధ్యాహ్నమంతా మేత, నీడ. పాతిక ముప్పై లీటర్లు పట్టే పెద్ద సీకము గుర్రమునకున్నది కాని, జీర్ణాశయము మాత్రము చిన్నది. అందులో ఆమ్లము తిన్నా తినకున్నా ఊరుతూనే ఉంటుంది. దానిని అణచే లాలాజలము నమిలినప్పుడే పుడుతుంది. కనుక గడ్డి కొంచెము కొంచెముగా రోజంతా అందవలెను. దాణా ఒకేసారి కుమ్మరిస్తే పిండిపదార్థము సీకములోకి పోయి పులుస్తుంది. కడుపునొప్పి, డెక్కలవాపు వస్తవి. వాంతి చేసుకొనే శక్తి గుర్రమునకు లేదు, లోపలికి పోయినది ముందుకే పోవాలి. ఉలవలను నానబెట్టి ఉడికించి గుగ్గిళ్లుగా పెట్టే మన పాత పద్ధతి మంచిదే. పచ్చి ఉలవలలో మాంసకృత్తుల జీర్ణమునకు అడ్డుపడే పదార్థములు ఉడికితే నశిస్తవి.

వరి పండే మన వైపు మాత్రము ఒక హెచ్చరిక అవసరము. తవుడు చవుక, గుర్రమునకు ఇష్టము కూడా. కాని తవుడులో భాస్వరము కాల్షియము కంటె పది రెట్లకు పైగా ఉంటుంది. అది నెలల తరబడి ముఖ్యాహారమైతే శరీరము ఎముకలలోని కాల్షియమును కరిగించి వాడుకుంటుంది. దవడ ఎముకలు ఉబ్బి మెత్తబడతవి. ఐరోపాలో పిండిమరల యజమానుల గుర్రములకు ఎక్కువగా వచ్చుటచే దీనికి మిల్లరు వ్యాధి అని పేరు. వరిగడ్డి ఒక్కటే వేయుట కూడా చాలదు. ఆవు నెమరు వేసి దానినుండి రాబట్టగలిగినంత సారము గుర్రము రాబట్టలేదు.

ఈ అజ్ఞానము ఖరీదు మన దక్షిణాదికి పాతదే. 1290 ప్రాంతమున వచ్చిన మార్కో పోలో, తమిళ తీరపు రాజులు ఏటా వేలకొలది గుర్రములను కొన్నా ఏడాది తిరిగేసరికి నూరైనా మిగలవని వ్రాసినాడు. ఉడికించిన మాంసము, అన్నము పెట్టేవారనీ, గుర్రములను చూచుకొనుట తెలిసినవారు లేరనీ ఆయన చెప్పిన కారణములు. సంఖ్యలో అతిశయోక్తి ఉన్నా కారణములు నమ్మదగినవి.

సాయంకాలము ఎండ తగ్గాక కొద్దిసేపు నడక. ఆరు వారములకొకసారి లాడములు విప్పి, పెరిగిన డెక్కను చెక్కి తిరిగి కొడతారు. డెక్క నెలకు దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. బరాతు గుర్రమునకు పని మొదలయ్యేది అప్పుడే. పగటి వేడి పీల్చిన తారురోడ్డు చీకటి పడినా చల్లారదు. పైన జరీ గుడ్డలు చెమటను ఆరనీయవు. బయలుదేరే ముందు ఒక బకెట్టు, దారిలో ఒక బకెట్టు నీరు చూపుట ఆడపెళ్లివారైనా మగపెళ్లివారైనా చేయగల పని.

రాత్రి గుర్రము నిలబడియే కునుకు తీస్తుంది. కాళ్ల కీళ్లను బిగించి ఉంచే స్నాయువుల అమరిక దానికున్నది. అయితే గాఢనిద్రకు రోజుకు అరగంటయైనా పడుకొనక తప్పదు. అందుకే తబేలాలో నేలపై గడ్డి మందముగా పరచి, ఒళ్లు చాపుకొనేంత తాడు వదిలి, తొట్టి నింపి, దీపము తగ్గిస్తారు.