తొలి స్థలమునకు ఒరగల్లు

ఉద్యోగము చేయు మన కుమార్తెలు నేడు నగలకు మాఱుగా ఇంటిస్థలము కొనగోరుచున్నారు. సంతోషింపదగినదే. కాని బంగారమును ఒరగల్లుపై గీసి చూతుము గదా; స్థలమునకు దస్తావేజులే ఒరగల్లు. మేము చూచినంతలో మోసపోవువారు తెలివి చాలనివారు కారు. తొందరపడి బయానా ఇచ్చినవారే.

మొదట సబ్ రిజిస్ట్రారు కచేరీనుండి ఈ.సీ. తెప్పించి, 30 ఏండ్ల క్రయవిక్రయములను, తనఖాలను పరిశీలింపవలెను. అందు రిజిస్టరు కాని లావాదేవీలు కానరావు గనుక, పాత దస్తావేజులను గూడ ప్లీడరునకు చూపవలెను. 500 చదరపు మీటర్లకు మించిన క్రొత్త లేఔటులో ప్లాటైనచో, 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదు సంఖ్య నడుగవలెను. అట్టిచోట రిజిస్టరు చేసిన ఒప్పందము లేనిదే వెలలో నూటికి 10 వంతులకు మించి పుచ్చుకొను హక్కు అమ్మువానికి లేదు. నోటరీ కాగితముతో స్థలము మనది కానేరదు. విక్రయ దస్తావేజు రిజిస్టరు కావలసినదే.

తుదకు ఒక మాట. పిల్ల సొమ్ముతో కొని, తండ్రి పేరో భర్త పేరో వ్రాయించుట కొందఱి వాడుక. అది మానవలెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము హిందూస్త్రీ ఆర్జించిన ఆస్తికి ఆమెయే పూర్ణాధికారిణి. కాని ఆ యధికారమునకు సాక్ష్యము దస్తావేజులోని పేరే. ఆ పేరు బిడ్డదై యుండునట్లు చూచుట తల్లులమైన మన పని.