బామ్మకు తాతయ్య దగ్గు ఎందుకు వినిపిస్తుంది?

తాతయ్య పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం కూడా అయిపోయింది. అయినా తెల్లవారుజామున వసారాలో ఆయన దగ్గు వినిపించిందని బామ్మ ఒకరోజు కాఫీ తాగుతూ మామూలుగా చెబుతుంది. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది. కోడలు భయపడుతుంది. పక్కింటివాళ్లు గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టించమంటారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు ఫోన్‌లో డిమెన్షియా లక్షణాలు వెతకడం మొదలుపెడతాడు. అందరి ముఖాలూ చూశాక బామ్మ మళ్లీ ఆ మాట ఎత్తదు.

ఇలాంటి ఇళ్లు మన దేశంలో తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో భర్తను కోల్పోయిన స్త్రీలు 4 కోట్లకు పైగా ఉన్నారు. భార్యను కోల్పోయిన పురుషులు అందులో మూడో వంతు కూడా లేరు. భర్త వయసులో పెద్దవాడు కావడం, స్త్రీల ఆయుర్దాయం ఎక్కువ కావడం, భార్య పోయిన మగవాళ్లలో మళ్లీ పెళ్లి చేసుకునేవాళ్లు ఎక్కువ కావడం ఇందుకు కారణాలు. అంటే తోడు పోయాక ఒంటరిగా మిగిలేది ఎక్కువగా బామ్మలే. వాళ్ల మాటల్లో ఏది సహజమో, ఏది జబ్బో తెలియకపోతే రెండు రకాలుగా నష్టం. లేని జబ్బును అంటగట్టి వాళ్ల నోరు మూయిస్తాం. ఉన్న జబ్బును "వయసు మీద పడింది కదా" అని వదిలేస్తాం.

వేల్స్ డాక్టరు అడిగిన ప్రశ్న

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో డెవీ రీస్ అనే డాక్టరు ఈ విషయాన్ని సూటిగా అడిగి తెలుసుకున్నారు. భర్తనో భార్యనో కోల్పోయిన 293 మందితో ఆయన మాట్లాడారు. వారిలో 227 మంది స్త్రీలు, 66 మంది పురుషులు. 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన ప్రచురించిన ఫలితాలు వైద్యులనే ఆశ్చర్యపరిచాయి. పోయిన మనిషి ఏదో ఒక రూపంలో తమకు తెలిసినట్టు దాదాపు సగం మంది, కచ్చితంగా చెప్పాలంటే 46.7 శాతం మంది అన్నారు. ఎక్కువమందికి కలిగింది "ఆయన ఇక్కడే ఉన్నారు" అన్న భావన. సుమారు 14 శాతం మందికి మనిషి కనిపించాడు, 13 శాతం మందికి గొంతు వినిపించింది. తాకినట్టు అనిపించిందన్నవారు కొద్దిమందే.

వీళ్లెవరూ పిచ్చివాళ్లు కారు. కాపురం ఎంత ఎక్కువ కాలం సాగితే ఈ అనుభవం అంత ఎక్కువగా కనిపించింది. మూడింట రెండు వంతుల మంది అది తమకు ఊరటగా ఉందన్నారు. కానీ చాలామంది డాక్టరు అడిగేవరకూ ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. విన్నవాళ్లు నవ్వుతారేమోనన్న బెరుకు ఒక కారణం. భర్త పోయాక ఇలాంటి అనుభవాలు సహజమేనని, సాయపడతాయని కూడా రీస్ తేల్చారు.

దీనికి కొంచెం ముందే, 1969లో, జపాన్‌లో భర్తలను కోల్పోయిన 20 మంది స్త్రీలపై ఒక చిన్న అధ్యయనం వెలువడింది. వారిలో దాదాపు అందరికీ భర్త దగ్గరే ఉన్నట్టు అనిపించింది. అయినా తమ మతి చెడిందేమోనని ఎవరూ కంగారుపడలేదు. అక్కడ చాలా ఇళ్లలో పూర్వీకుల కోసం ఒక చిన్న పూజా మందిరం ఉంటుంది. రోజూ దాని ముందు కూర్చుని పోయినవారితో మాట్లాడటం వింతేమీ కాదు. మన ఇళ్లలోనూ ఫొటోకు దండ వేస్తాం, తద్దినం రోజున ఆయనకు ఇష్టమైన కూర వండుతాం. కానీ అదే మనిషి దగ్గు వినిపించిందంటే మాత్రం బెదిరిపోతాం. ఆలోచిస్తే ఇది కాస్త విచిత్రమే.

మెదడులో మిగిలిపోయిన చోటు

చీకట్లో మెట్లు దిగుతూ, ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేసి తూలిపడబోయిన అనుభవం అందరికీ ఉంటుంది. కాలికి నేల తగలకముందే "ఇక్కడ మెట్టు ఉంది" అని మెదడు లెక్క కట్టేసుకుంటుంది. కళ్లూ చెవులూ పంపే సమాచారం అంతా వచ్చేదాకా అది ఆగదు. గత అనుభవాన్ని బట్టి ముందే ఒక అంచనా వేసుకుని, వచ్చిన సమాచారంతో దాన్ని సరిచూసుకుంటుంది. యాభై ఏళ్లపాటు రోజూ తెల్లవారుజామున ఐదు గంటలకు దగ్గు విన్న మెదడు ఆ వేళకు దానికోసం సిద్ధంగా ఉంటుంది. తలుపు కిర్రుమన్నా చాలు, మిగతాది అదే పూరించుకుంటుంది.

2013లో నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో ఆల్బర్ట్ త్సావో, మోజర్ దంపతులు కలిసి ఎలుకల మెదడులో ఒక రకం నాడీకణాలను గుర్తించారు. ఎలుక తిరిగే పెట్టెలో ఒక చోట ఒక వస్తువు పెట్టి, తర్వాత తీసేశారు. కొన్ని కణాలు వస్తువు ఉన్నప్పుడు ఊరుకుని, అది లేకుండా పోయాక, అది ఉండిన చోటికి ఎలుక వచ్చినప్పుడు చురుగ్గా స్పందించాయి. "ఇక్కడ ఒకటి ఉండేది" అని చెప్పే కణాలన్నమాట. కొన్ని కణాల్లో ఈ స్పందన రోజుల తరబడి కొనసాగింది. ఎలుక మెదడు నుంచి బామ్మ మనసుకు ఒక్క గంతులో వెళ్లిపోకూడదు. అయితే దుఃఖంపై పరిశోధనలు చేసే అమెరికన్ శాస్త్రవేత్త మేరీ ఫ్రాన్సిస్ ఓకానర్ ఈ ఫలితాన్ని ఒక ఆధారంగా చూపుతారు. ఆమె దృష్టిలో దుఃఖించడం అంటే మెదడు కొత్త పాఠం నేర్చుకోవడం. మనిషి పోయాడన్నది మెదడుకు తెలుసు. ఆ మనిషి ఎప్పుడూ ఉంటాడన్న పాత పటం కూడా అందులోనే ఉంది. పటాన్ని తిరిగి గీసుకోవడానికి సమయం పడుతుంది. వసారాలో ఖాళీగా ఉన్న పడక్కుర్చీని దాటిన ప్రతిసారీ ఆ గీత కొంచెం మారుతుంది.

ఎప్పుడూ పాత కథలేనా?

బామ్మల మీద ఇంట్లో వినిపించే రెండో ఫిర్యాదు, చెప్పిన కథే మళ్లీ చెబుతారని. అరవై ఏళ్ల కిందట డాక్టర్లు కూడా దీన్ని మెదడు మందగించిన లక్షణంగానే చూసేవారు. అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో ఒక వ్యాసం రాసి ఈ అభిప్రాయాన్ని ఎదిరించారు. చివరి దశకు చేరిన మనిషి తన బతుకును మొదటి నుంచీ తిరగేసుకోవడం సహజమనీ, తీరని తగాదాలనూ పాత తప్పులనూ మనసు అప్పుడే పరిష్కరించుకుంటుందనీ వాదించారు. దానికి ఆయన "జీవిత సమీక్ష" అని పేరు పెట్టారు. అది అందరికీ హాయిగా సాగదనీ, కొందరిని కుంగదీస్తుందనీ కూడా హెచ్చరించారు. బట్లర్‌ను పసితనం నుంచి పెంచింది అమ్మమ్మా తాతయ్యలే. ఏడేళ్ల వయసులో తాతయ్య పోతే, ఆ తర్వాత బతుకు ఈడ్చిన అమ్మమ్మను ఆయన దగ్గరగా చూశారు. వృద్ధులను చిన్నచూపు చూడటాన్ని జాతి వివక్షతో పోల్చి, దానికి ఇంగ్లీషులో "ఏజిజం" అన్న మాట పుట్టించిందీ ఆయనే.

ఇంతకీ ఆ కథలు ఎప్పుడూ పడుచు రోజులవే ఎందుకు? నలభై దాటినవాళ్లను జ్ఞాపకాలు చెప్పమని, ఏ జ్ఞాపకం ఏ వయసుదో గ్రాఫ్ గీస్తే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య ఒక గుట్ట లేస్తుంది. డేవిడ్ రూబిన్, ఆయన సహచరులు 1986లో ఈ ఆకారాన్ని స్పష్టంగా చూపించారు. తొలిసారి జరిగిన సంఘటనలు ఆ వయసులో ఎక్కువ కావడం ఒక వివరణ. మెదడు అప్పుడు మంచి పదునుతో ఉండటం ఇంకొకటి. "నేను ఎవరిని" అన్నది కుదురుకునేది ఆ రోజుల్లోనే అన్నది మరొకటి. మన బామ్మల తరంలో పెళ్లి, అత్తారింటికి రావడం, తొలి కాన్పు, ఒక్కోసారి తొలి బిడ్డను పోగొట్టుకోవడం అన్నీ ఆ ఇరవై ఏళ్లలోనే జరిగిపోయాయి. ఇప్పుడు 75 దాటిన దివిసీమ బామ్మను కదిపితే 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దగ్గరికి మాట ఎందుకు వెళ్తుందో ఈ గ్రాఫ్ చూస్తే అర్థమవుతుంది. అప్పటికి ఆమె ఇరవైల్లో ఉంది.

వాసనల లెక్క మాత్రం వేరు. వాసన లేపే జ్ఞాపకాలు ఇంకా వెనక్కి, పదేళ్లలోపు వయసుకు తీసుకెళ్తాయని స్వీడన్‌లో జరిగిన ప్రయోగాలు చూపాయి. ఆవకాయ కలుపుతుంటే ఆవపిండి ఘాటుకు బామ్మకు అత్తగారిల్లు కాక పుట్టిల్లు గుర్తొస్తే ఆశ్చర్యం లేదు.

ఏడవని వాళ్లు, ఎక్కువ కాలం ఏడ్చేవాళ్లు

దుఃఖం ఒంటి మీద కూడా దెబ్బ తీస్తుంది. 1957లో భార్యలను కోల్పోయిన, 55 ఏళ్లు పైబడిన 4,486 మంది బ్రిటిష్ పురుషులను పరిశోధకులు తొమ్మిదేళ్లు గమనించారు. మొదటి ఆరు నెలల్లోనే 213 మంది చనిపోయారు. అదే వయసు పెళ్లయిన మగవాళ్లతో పోలిస్తే ఇది 40 శాతం ఎక్కువ. గుండెజబ్బులే ఎక్కువ కనిపించాయి. ఒత్తిడి ఒక కారణమైతే, వేళకు మాత్రలు అందించే మనిషి, "ఆ కాలివాపు డాక్టరుకు చూపించుకోండి" అని పోరే మనిషి లేకపోవడం కూడా లెక్కలోకి రావాలి. మన తాతయ్యల్లో ఎంతమందికి తమ బీపీ మాత్ర పేరు తెలుసు?

మరోవైపు, పెద్దకర్మ రోజున కంట నీరు పెట్టని బామ్మ గురించి బంధువులు గుసగుసలాడతారు. జార్జ్ బొనానో బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం వాళ్లకు తెలిసి ఉంటే బాగుండేది. వృద్ధ దంపతులను జీవిత భాగస్వామి పోకముందు నుంచీ గమనించిన ఆ అధ్యయనంలో 205 మంది వివరాలు ఉన్నాయి. సుమారు 46 శాతం మంది ముందూ తర్వాతా కూడా నిలకడగానే ఉన్నారు. వాళ్లకు ప్రేమ లేదనడానికి ఆధారమేమీ దొరకలేదు. దుఃఖానికి ఐదు దశలుంటాయన్న ప్రసిద్ధమైన మాట కూడా అసలు ఆప్తులను పోగొట్టుకున్నవారిని చూసి పుట్టింది కాదు. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ 1969లో దాన్ని మరణానికి చేరువైన రోగులను చూసి రాశారు.

అదే అధ్యయనంలో సుమారు 16 శాతం మంది దుఃఖం నుంచి తేరుకోలేకపోయారు. అలాంటి వారికోసం "దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత" అనే నిర్ధారణ ఇప్పుడు వైద్యంలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం కనీసం ఆరు నెలలు, అమెరికన్ వర్గీకరణ ప్రకారం పెద్దవాళ్లలో కనీసం ఏడాది దాటాక కూడా తీవ్రమైన తపన రోజువారీ బతుకును సాగనివ్వకపోతే అది చికిత్స కావలసిన స్థితి.

డిమెన్షియా సంగతి వేరు. దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి అది ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. యాభై ఏళ్ల కిందటి కథను పదోసారి చెప్పడం దానికి గుర్తు కాదు. ఆ కథ పావుగంట కిందటే చెప్పిన సంగతి అసలు గుర్తులేకపోవడం, పొద్దున తిన్నది మరిచిపోవడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, ఎప్పుడూ పెట్టే చారు పెట్టడంలో వరస తప్పడం గమనించాల్సినవి. కుంగుబాటు కూడా మతిమరుపు వేషంలో రావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది కనుక పొరబడితే నష్టం ఎక్కువ. ఇంకో చిక్కు పరీక్షలోనే ఉంది. బడికి వెళ్లని బామ్మను 100లోంచి వరసగా 7 తీసేస్తూ పొమ్మంటే ఆమెకు లేని జబ్బు బయటపడుతుంది. అందుకే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన పరిశోధకులు 1990లలో చదువు రాని వారికీ సరిపోయే పరీక్షను హిందీలో తయారుచేశారు.

మరి కూర్చుని వింటే ఏమైనా ఒరుగుతుందా? డిమెన్షియా ఉన్నవారితో పాత ఫొటోలు, పాటలు, వస్తువుల సాయంతో జ్ఞాపకాలు మాట్లాడించే పద్ధతిపై 22 ప్రయోగాలను 2018లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. లాభం ఉంది కానీ చిన్నదని, అన్ని చోట్లా ఒకేలా లేదని తేలింది. వినేవాళ్ల సంగతిపై అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో రాబిన్ ఫివుష్, మార్షల్ డ్యూక్ పనిచేశారు. మీ అమ్మానాన్నలు ఎలా కలిశారో తెలుసా, మీ అమ్మ ఎక్కడ పెరిగిందో తెలుసా వంటి 20 ప్రశ్నలు పిల్లలను అడిగారు. కుటుంబ కథలు ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనిపించింది. కథలు తెలియడం వల్లే అది వచ్చిందని దీన్నిబట్టి చెప్పలేం. కథలు చెప్పుకునే తీరిక, సఖ్యత ఉన్న ఇళ్లలో పిల్లలు ఎలాగూ బాగుండవచ్చు.

అనుమానం ఉన్నప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు మూడు వారాలు గమనించినవి ఒక కాగితం మీద రాసుకుంటే మేలు: ఏం మరిచిపోతున్నారు, నిద్ర, తిండి ఎలా ఉన్నాయి, ఎప్పుడు మొదలైంది, వాడుతున్న మాత్రలు ఏమిటి. వినికిడి తగ్గిందేమో కూడా చూపించాలి. చెవులు సరిగా వినపడకపోయినా జవాబులు తప్పుతాయి. "బతికి ఏం లాభం" లాంటి మాటలు వినిపిస్తే మాత్రం వారాలు ఆగకూడదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య సలహా ఉచితంగా దొరుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. వృద్ధుల ఇతర సమస్యలకు ఎల్డర్ లైన్ నంబరు 14567.