నీళ్లు పారని గొట్టమే... ఇంటికి రక్ష!

బాత్‌రూమ్‌ తళతళా మెరుస్తుంటుంది. ఫినాయిలూ చల్లారు. అయినా ఏదో వాసన! పై అంతస్తులో బకెట్‌ నీళ్లు గుమ్మరిస్తే చాలు, కింది బాత్‌రూమ్‌ జాలీలోంచి గుడగుడమని చప్పుడు. పాత మేడల్లో ఉండేవారికి ఇది అనుభవమే. 'ఇనుప పైపులు పోయాయి, మార్చాల్సిందే' అంటాడు ప్లంబర్‌. నిజమే. కానీ ఏది మార్చాలో, ఏది తీసేయకూడదో ఇంటివాళ్లకూ తెలియాలి.

పైన రంగు... లోన గుల్ల

ఒకప్పుడు మేడలకు పోత ఇనుప గొట్టాలే వేసేవారు. ఒకదాని మూతిలో మరోటి దూర్చి, సందులో నార కూరి, కరిగించిన సీసం పోసేవారు. మురుగులో పుట్టే హైడ్రోజన్‌ సల్ఫైడ్‌ వాయువు గొట్టం లోపలి తడి గోడల మీద బ్యాక్టీరియా వల్ల సల్ఫ్యూరిక్‌ ఆమ్లంగా మారుతుంది. అదే ఇనుమును కొద్దికొద్దిగా తినేస్తుంది. గోడ మీద చెమ్మ, తుప్పు చారలు కనిపించాయంటే వ్యవహారం ముదిరినట్టే.

రెండంగుళాల కాపలా

కమోడ్‌ వంపులో, జాలీ కింది ట్రాప్‌లో దాదాపు రెండంగుళాల ఎత్తున నీళ్లు నిలిచి ఉంటాయి. మురుగు గాలిని అడ్డుకునేది అవే. పై నుంచి నీళ్లు ఒక్కసారిగా జారితే వెనక గాలిని లాగుతాయి. డాబా మీదికి లేచిన వెంట్‌ పైపు ఆ గాలిని అందిస్తుంది. అది లేకపోతే ట్రాప్‌లోని నీళ్లనే లాగేసుకుంటాయి. ఇక గాలికి తలుపు తెరిచినట్టే!

2003లో సార్స్‌ ప్రబలినప్పుడు హాంకాంగ్‌లోని అమోయ్‌ గార్డెన్స్‌ అపార్ట్‌మెంట్లలో మూడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. బాత్‌రూముల్లో ఎండిపోయిన ట్రాప్‌ల గుండా వైరస్‌ ఇళ్లలోకి చేరిందని పరిశోధకులు తేల్చారు.

జైనూర్‌ చలీ... ఎండా!

కుమురం భీం ఆసిఫాబాద్‌ జిల్లా జైనూర్‌ లాంటి చోట్ల మురుగంతా సెప్టిక్‌ ట్యాంకులోకే. అక్కడ పుట్టే వాయువుకూ వెంట్‌ పైపే దారి. 'నీళ్లు రాని పైపు దండగ' అని కోసి మూత బిగిస్తే, ఆ గాలి ఇంట్లోకే తిరిగొస్తుంది.

వాతావరణమూ పరీక్షే. పక్కనే ఉన్న సిర్పూర్‌(యు) చలికి పెట్టింది పేరు. శీతాకాలం రాత్రి 5 డిగ్రీలకు, వేసవి మధ్యాహ్నం 45కు చేరితే మూడు మీటర్ల పీవీసీ పైపు పొడవులో దాదాపు 8 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అదే ఇనుమైతే మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. అందుకే రబ్బరు రింగు అతుకుల్లో పైపును చివరికంటా నొక్కకుండా 10 మిల్లీమీటర్ల సందు వదలాలి.

ఇవి మరవొద్దు...

* పాత ఇనుప గొట్టం చాలా బరువు. కోసేముందు పై భాగాన్ని క్లాంపులతో గోడకు బిగించాలి.

* పైపు మీద ఐఎస్‌ 13592 గుర్తు చూడాలి. 'ఎ' రకం గాలికి, వాన నీటికి. 'బి' రకం మురుగుకు.

* నాలుగంగుళాల అడ్డ పైపుకు 40 అడుగులకు అడుగు చొప్పున వాలు ఉండాలి.

* వెంట్‌ పైపు డాబా దాటి, కిటికీలకు దూరంగా లేవాలి. పైన జాలీ టోపీ ఉండాలి.

* వాడని బాత్‌రూమ్‌ జాలీలో వారానికోసారి చెంబెడు నీళ్లు పోయాలి.

పని పూర్తయ్యాక మేస్త్రికి డబ్బులు లెక్కపెట్టే ముందు ఒక్కసారి డాబా ఎక్కండి. వెంట్‌ పైపు తలెత్తుకుని నిలబడి ఉంటే కింద ఇల్లు హాయిగా ఊపిరి పీల్చుకున్నట్టే!